విదేశాలకు నెలల తరబడి టూర్.. 7 కిలోల బ్యాగుతో సాధ్యమేనా? పాకాల నుంచి బయలుదేరే ముందు తెలుసుకోవాల్సినవి ఇవే!

పాకాల: తిరుపతి, కాట్పాడి, ధర్మవరం.. మూడు వైపులా రైలు మార్గాలున్న పాకాల జంక్షన్‌లో కాసేపు నిలబడితే చాలు, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో లగేజీ చూసి చెప్పేయొచ్చు. చేతిలో చిన్న సంచి ఉంటే తిరుపతికో చిత్తూరుకో పని మీద వెళ్తున్నట్టు. తాడు బిగించి కట్టిన పెద్ద అట్టపెట్టె, పక్కన రెండు సూట్‌కేసులు ఉంటే గల్ఫ్ ప్రయాణం. ఇప్పుడు వీళ్ల మధ్యలో వీపుకు ఒకే ఒక్క బ్యాగు తగిలించుకుని, ఒకటి రెండు నెలల పాటు నాలుగైదు దేశాలు తిరిగి రావాలనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా కనిపిస్తున్నారు. ఫోన్లో ట్రావెల్ వీడియోలు చూసి, ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో తొలిసారి దేశం దాటాలనుకునేవాళ్లే వీరిలో ఎక్కువ.

అయితే వీడియోలో కనిపించేది సముద్రం, కొండలు, వీధి తిండి మాత్రమే. బ్యాగు బరువు కనిపించదు. కౌంటర్ దగ్గర బ్యాగు తూచి "అదనంగా కట్టాలి" అన్నప్పుడు, నాలుగో అంతస్తులోని హాస్టల్‌కు లిఫ్ట్ లేదని తెలిసినప్పుడు, అమ్మ ప్రేమగా పెట్టిన పొడిని కస్టమ్స్ అధికారి పక్కన పెట్టినప్పుడు అసలు విషయం అర్థమవుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే బ్యాగు ఎలా ఎంచుకోవాలి? ఏం పెట్టాలి? ఏం పెట్టకూడదు? పూర్తి వివరాలు చూద్దాం.

అసలు 7 కిలోల లెక్క ఎక్కడిది?

మన దేశంతో పాటు ఆగ్నేయాసియాలో తిరిగే చాలా విమానాల్లో ఎకానమీ టికెట్‌పై లోపలికి తీసుకెళ్లే బ్యాగు పరిమితి 7 కిలోలు. తక్కువ ధర టికెట్లలో చెక్-ఇన్ లగేజీ చాలాసార్లు ఉండదు, దానికి విడిగా డబ్బు కట్టాలి. ఉదాహరణకు ఎయిర్ ఏషియాలో బ్యాగు, దాంతో పాటు ఉండే చిన్న సంచి రెండూ కలిపి 7 కిలోలే. స్కూట్‌లో రెండూ కలిపి 10 కిలోలు. ఒక ట్రిప్‌లో ఐదారు విమానాలు ఎక్కాలనుకుంటే, వాటిలో అన్నిటికంటే తక్కువ పరిమితి ఏ విమానానిదో అదే మీ బ్యాగు బరువు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రతి టికెట్‌పై రాసింది చదువుకోవాలి.

బరువుతో పాటు కొలతలు కూడా ముఖ్యమే. బ్యాగు ఎత్తు దాదాపు 55 సెంటీమీటర్లు దాటకూడదని చాలా ఎయిర్‌లైన్స్ చెబుతాయి. వెడల్పు, మందం ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటాయి. గేటు దగ్గర ఇనుప చట్రంలో బ్యాగు పెట్టి చూస్తారు. పట్టకపోతే కిందికి పంపాల్సిందే.

ఇంకో చిక్కు కూడా ఉంది. చౌకగా వస్తాయని వేర్వేరు టికెట్లు కొనుక్కుని మధ్యలో విమానం మారేవాళ్లు చెక్-ఇన్ లగేజీ వేస్తే, ఆ మధ్య దేశంలో ఇమిగ్రేషన్ దాటి బయటకు వచ్చి లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. ఆ దేశానికి వీసా లేకపోతే పరిస్థితి ఏంటి? బ్యాగు చేతిలోనే ఉంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గిపోతుంది.

గల్ఫ్ పెట్టె వేరు.. బ్యాక్‌ప్యాక్ వేరు

రాయలసీమలో విదేశీ ప్రయాణం అనగానే ఇళ్లలో గుర్తొచ్చేది గల్ఫ్ పెట్టె. అక్కడ రెండేళ్లు ఉండాలి, ఒకే గదికి చేరాలి, విమానం దిగాక కంపెనీ బండి వస్తుంది. అందుకే ఎంత అనుమతిస్తే అంతా నింపుతారు. అందులో తప్పు లేదు. కానీ అదే ఆలోచనతో బ్యాక్‌ప్యాక్ సర్దితే దెబ్బ తింటారు. ఎందుకంటే ఈ ప్రయాణంలో ప్రతి మూడు నాలుగు రోజులకు ఊరు మారుతుంది. సర్దిన ప్రతి వస్తువునూ బస్సు ఎక్కించాలి, దించాలి, మెట్లెక్కించాలి.

పాకాల నుంచే చూడండి. ఇంటి నుంచి ఆటో, స్టేషన్‌లో రైలు, కాట్పాడిలో ఇంకో రైలు, చెన్నైలోనో బెంగళూరులోనో మళ్లీ బస్సో మెట్రోనో, ఆ తర్వాత విమానాశ్రయం. దేశం దాటకముందే బ్యాగును నాలుగైదుసార్లు ఎత్తాలి. అవతల దిగాక ఇదే వరస.

వీరాస్వామి పరివారం నుంచి వీపు సంచి దాకా

తెలుగువారి యాత్రల చరిత్రలో మొదట చెప్పుకునే పేరు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప మీదుగా కాశీ దాకా వెళ్లి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి మద్రాసు చేరారు. పదిహేను నెలల ఆ ప్రయాణంలో ఆయన వెంట పల్లకీలు మోసే బోయీలు, వంటవాళ్లు, కావలివాళ్లు కలిపి దాదాపు వంద మంది ఉన్నారు. 'కాశీయాత్ర చరిత్ర'లో ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ దిగడానికి వసతి ఉందో ఆయన రాసిపెట్టారు. దారిలో దొరకనివన్నీ అప్పట్లో వెంట మోసుకెళ్లాల్సిందే మరి.

ఇక మన కాలానికి వస్తే ఆచార్య ఎం.ఆదినారాయణ గుర్తొస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలిత కళలు బోధించిన ఆయన కాలినడకన దేశం తిరిగి 'భ్రమణ కాంక్ష' రాశారు. నడిచేవాడికి పరివారం ఉండదు, మోయగలిగిందే ఆస్తి.

ఈ ఇద్దరి మధ్య మారింది ఒక్కటే. సబ్బు, టవల్, టీషర్టు, తలనొప్పి మాత్ర.. ఇవన్నీ ఇప్పుడు బ్యాంకాక్‌లోనూ దొరుకుతాయి, హనోయ్‌లోనూ దొరుకుతాయి. కాబట్టి "ఒకవేళ అవసరమైతే" అని పెట్టే వస్తువుల్లో చాలావరకు ఇంట్లో వదిలేయొచ్చు. దొరకనివి, పోతే మళ్లీ తెచ్చుకోలేనివి మాత్రమే వెంట ఉండాలి. అంటే పాస్‌పోర్ట్, డాక్టర్ రాసిన మందులు, కళ్లజోడు, బ్యాంక్ కార్డులు, ఫోన్.

బ్యాగు ఎంచుకునేటప్పుడు చూడాల్సిన 6 విషయాలు

1. సైజు: బ్యాక్‌ప్యాక్ సామర్థ్యాన్ని లీటర్లలో చెబుతారు. క్యాబిన్‌లోకి వెళ్లాలంటే 30 నుంచి 40 లీటర్ల మధ్య చూసుకోవాలి. 60 లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగు చూడ్డానికి బాగుంటుంది కానీ విమానంలో కిందికే వెళ్తుంది. పైగా ఖాళీ ఉంటే నింపకుండా ఎవరూ ఉండలేరు.

2. ఖాళీ బరువు: ఇది చాలామంది చూడరు. కొన్ని బ్యాగులు ఖాళీగానే కిలోన్నర దాటుతాయి. 7 కిలోల్లో కిలోన్నర బ్యాగుకే పోతే మిగిలేది ఐదున్నర. అదే చక్రాల క్యాబిన్ ట్రాలీ అయితే రెండు, మూడు కిలోల దాకా ఉంటుంది. ఒక కిలో, కిలో పావు ఉండే బ్యాగు దొరికితే మంచిది.

3. నడుం బెల్టు: భుజాల మీద మోసే బరువు అరగంటకే నొప్పి పెడుతుంది. మందపాటి నడుం బెల్టు ఉన్న బ్యాగులో బరువు ఎక్కువ భాగం తుంటి ఎముకల మీదకు దిగుతుంది. బిందెను నడుం మీద పెట్టుకుని నీళ్లు తెచ్చిన వాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

4. వీపు పొడవు: బ్యాగు సైజు మనిషి ఎత్తును బట్టి కాదు, వీపు పొడవును బట్టి ఉండాలి. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకు వస్తుంది. అక్కడి నుంచి తుంటి ఎముకల పైభాగం వరకు టేపుతో కొలిస్తే అదే వీపు పొడవు. షాపులో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. ఐదారు కిలోల బరువు పెట్టించుకుని పది నిమిషాలు నడవాలి.

5. తెరుచుకునే తీరు: పైన తాడు లాగి మూసే సంచిలో అడుగున ఉన్న టీషర్టు కావాలంటే మొత్తం బయట పోయాలి. సూట్‌కేసులా చుట్టూ జిప్ ఉండి పూర్తిగా తెరుచుకునే బ్యాగు అయితే హాస్టల్ గదిలో, మసక వెలుతురులో కూడా వెతుక్కోవడం సులువు.

6. జిప్, కుట్టు: బ్యాగు పాడైతే ముందు పాడయ్యేది జిప్పే. నిండుగా సర్ది, పదిసార్లు తెరిచి మూసి చూడాలి. భుజం పట్టీలు బ్యాగుకు కలిసే చోట రెండు మూడు వరుసల కుట్టు ఉందో లేదో చూడాలి. జిప్ రెండు పుల్లర్లకూ చిన్న తాళం పడేలా ఉండాలి.

వెన్నునొప్పి, మోకాళ్ల సమస్య ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు చక్రాల పెట్టె తీసుకోవడమే మేలు. అందరూ వీపున మోయాలని రూలేమీ లేదు. రెండు మూడు నగరాల్లోనే ఉంటూ టాక్సీల్లో తిరిగేవారికి ట్రాలీ సరిపోతుంది. ఇసుక బీచులు, రాళ్లు పరిచిన పాత వీధులు, పడవ రేవులు ఉండే దారిలో మాత్రం చక్రం పనికిరాదు.

బరువు ఎలా పంచుకోవాలి? ఇదిగో లెక్క

మాటలు కాదు, త్రాసు మీద పెడితేనే నిజం తెలుస్తుంది. ఒంటి మీద వేసుకున్న బట్టలు, కాళ్లకున్న బూట్లు, జేబులో ఫోన్ కాకుండా సుమారుగా ఇలా ఉంటుంది:

- ఖాళీ బ్యాగు: 1,200 గ్రాములు
- మూడు టీషర్టులు, ఒక ప్యాంటు, ఒక షార్ట్, లోదుస్తులు, సాక్సులు: 1,400
- పల్చటి స్వెట్టర్, వానకు జాకెట్: 600
- లుంగీ, తువ్వాలు: 350
- చెప్పులు: 400
- సబ్బు, బ్రష్, పేస్ట్ వగైరా: 450
- మందులు: 250
- చార్జర్, అడాప్టర్, కేబుల్, పవర్ బ్యాంక్: 600
- పాస్‌పోర్ట్, కాగితాలు: 200
- బట్టల పౌచ్‌లు, తాళం, మడత సంచి: 300
- ఖాళీ నీళ్ల బాటిల్: 150

మొత్తం 5,900 గ్రాములు. అంటే ఇంకా 1,100 గ్రాములు మిగులు ఉంది. ఇందులో ఒక చిన్న కెమెరానో, ట్యాబ్‌నో, పొడుల ప్యాకెట్లో పెట్టుకోవచ్చు. కిలో నాలుగు వందల గ్రాముల ల్యాప్‌టాప్ పెట్టారా.. 7,300. పరిమితి దాటేసింది. ల్యాప్‌టాప్ తప్పనిసరి అయితే ముందే బరువు కొనుక్కోవాలి. ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకుంటే అయ్యే ఖర్చు కంటే విమానాశ్రయం కౌంటర్‌లో కట్టేది సాధారణంగా చాలా ఎక్కువ.

తూచడానికి ప్రత్యేక మెషీన్ అక్కర్లేదు. మీ ఊరి కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే సరి. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ ఉంటే, బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి ఎక్కి తేడా చూడొచ్చు.

బట్టలు: వారానికి సరిపడా చాలు

నెల రోజుల ప్రయాణానికైనా, ఆరు నెలల ప్రయాణానికైనా బట్టలు ఒకటే. నాలుగు రోజులకు సరిపడా ఉంటే చాలు, వారం అయితే ఎక్కువే. రాత్రి స్నానం చేసేటప్పుడు ఆ రోజు బట్టలు ఉతికి ఆరేస్తే అయిపోతుంది. దానికి కావాల్సింది బట్టల సబ్బు ముక్క, రెండు మీటర్ల నైలాన్ తాడు. చాలా నగరాల్లో కిలో లెక్కన ఉతికిచ్చే లాండ్రీలు కూడా ఉంటాయి.

జీన్స్ ప్యాంటు బరువు, తడిస్తే ఆరదు. దాన్ని ఇంట్లోనే వదిలేయాలి. మందపాటి నూలు టీషర్టు కూడా తేమ వాతావరణంలో ఆరడానికి టైం తీసుకుంటుంది. త్వరగా ఆరే పల్చటి పాలిస్టర్ కలిసిన బట్ట మేలు. రంగులు ముదురువి అయితే మరక కనపడదు.

చలి దేశానికి వెళ్లాల్సి వస్తే ఒక్క మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది. లోపల బిగుతు బనియన్, దానిపై టీషర్టు, ఆపై స్వెట్టర్, అన్నిటి పైన గాలి ఆపే జాకెట్. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనాన్ని ఇస్తుంది. ఎండొచ్చాక ఒక్కొక్కటీ తీసేయొచ్చు.

గుళ్లు, మసీదులు, బౌద్ధాలయాల్లోకి భుజాలు, మోకాళ్లు కనిపించే దుస్తులతో రానివ్వని దేశాలు చాలా ఉన్నాయి. అమ్మాయిలకు ఒక చున్నీ, అబ్బాయిలకు ఒక పూర్తి ప్యాంటు తప్పనిసరి. శానిటరీ ప్యాడ్లు అన్నిచోట్లా దొరుకుతాయి కానీ, అలవాటైన రకం కావాలనుకుంటే మొదటి నెలకు సరిపడా పెట్టుకోవాలి.

లుంగీ ఉంటే సగం సామాను ఉన్నట్టే

ఆన్‌లైన్‌లో 'ట్రావెల్ టవల్', 'ట్రావెల్ షీట్' అంటూ ఖరీదైన సరుకు అమ్ముతుంటారు. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల మీద నేసే పల్చటి లుంగీ, తువ్వాలు ఈ పనులన్నీ చేస్తాయి. లుంగీ రాత్రి కట్టుకోవడానికి పనికొస్తుంది. ఏసీ బస్సులో కప్పుకోవచ్చు. హాస్టల్ పరుపు శుభ్రంగా లేదనిపిస్తే పరుచుకోవచ్చు. పది మంది ఉండే డార్మెటరీలో కింది మంచానికి తెరలా వేలాడదీయొచ్చు. బీచ్‌లో బట్టలు మార్చుకోవడానికి చాటు అవుతుంది. పల్చటి నూలు తువ్వాలు లావు టర్కీ టవల్ కంటే బరువు తక్కువ, గంటల్లో ఆరిపోతుంది.

చెప్పుల విషయంలో రూల్ సింపుల్. కాళ్లకు బూట్లు, బ్యాగులో చెప్పులు. మూడో జత వద్దు. కొత్త బూట్లు మాత్రం ప్రయాణం రోజున మొదలుపెట్టకూడదు. కనీసం నెల రోజుల ముందు నుంచి వేసుకుని నడవాలి. లేదంటే మూడో రోజుకే బొబ్బలు.

పవర్ బ్యాంక్: బ్యాగులో కాదు.. చేతిలోనే

పవర్ బ్యాంక్‌ను చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. వెంట ఉండే బ్యాగులోనే ఉండాలి. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే విమానం అడుగు భాగంలో ఆర్పేవాళ్లు ఉండరు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం మంటల్లో చిక్కుకున్నాక ఈ నిబంధనలు మరింత బిగిశాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్, థాయ్ ఎయిర్‌వేస్, ఎమిరేట్స్ విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్నే ఆపేశాయి.

పరిమితి 100 వాట్ అవర్స్. దాన్ని లెక్కగట్టడం తేలికే. మిల్లీ ఆంపియర్ అవర్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగించాలి. 10,000 ఎంఏహెచ్ అయితే 37 వాట్ అవర్స్, 20,000 అయితే 74. రెండూ పరిమితి లోపలే. అక్షరాలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంక్‌ను మాత్రం సెక్యూరిటీ దగ్గర ఆపేసే అవకాశం ఉంది. చైనాలో దేశీయ విమానాలు ఎక్కేవారు 2025 జూన్ 28 నుంచి '3సీ' గుర్తున్న పవర్ బ్యాంక్ మాత్రమే తీసుకెళ్లాలి. మన దగ్గర కొన్న వాటిపై ఆ గుర్తు ఉందో లేదో చూసుకోండి.

ప్లగ్గుల సంగతి కూడా మర్చిపోవద్దు. సింగపూర్, మలేషియాల్లో మూడు చదరపు పిన్నులు. యూరప్‌లో ఎక్కువ దేశాల్లో రెండు గుండ్రటి పిన్నులు. జపాన్, అమెరికాల్లో రెండు చదును పిన్నులు. ఒక యూనివర్సల్ అడాప్టర్ చాలు. ఫోన్ చార్జర్ మీద 'ఇన్‌పుట్ 100–240' అని రాసి ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ లాంటివి అలా కాదు, జపాన్‌లో కరెంట్ 100 వోల్టులే.

వీడియోలు తీసేవారికి ఇంకో హెచ్చరిక. మొరాకో, ఈజిప్ట్ లాంటి దేశాలకు డ్రోన్ తీసుకెళ్తే విమానాశ్రయంలోనే స్వాధీనం చేసుకుంటారు. ఖరీదైన కెమెరా తీసుకెళ్లేవారు బయలుదేరే ముందు మన కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు అది విదేశంలో కొన్నది కాదని నిరూపించుకోవడం సులువు.

ఊరగాయ, గసగసాలు, మామిడి.. జాగ్రత్త!

"ఊరగాయ లేకుండా ఎట్ల తింటావు నాయనా" అని ఇంట్లో అనడం సహజం. కానీ నూనె తేలే ఊరగాయను, నెయ్యిని సెక్యూరిటీ ద్రవ పదార్థాల కిందే చూస్తుంది. క్యాబిన్ బ్యాగులో 100 మిల్లీలీటర్లకు మించిన డబ్బాను అంతర్జాతీయ విమానాల్లో అనుమతించరు. చెనక్కాయల పొడి, కరివేపాకు పొడి లాంటివైతే ఈ ఇబ్బంది లేదు. వాటిని కూడా గట్టిగా సీల్ చేసి, పైన పేరు రాసిపెట్టాలి.

ఇక అసలు ప్రమాదం గసగసాలతో. మన మాంసం కూర మసాలాల్లో గసగసాలు మామూలే. యూఏఈ, సింగపూర్ దేశాల్లో మాత్రం అవి నిషేధం. మత్తు పదార్థాల చట్టం కిందకు వస్తాయి. ఇంట్లో దంచిన మసాలా పొడి కట్టించుకునే ముందు అందులో ఏమేం వేశారో అమ్మను అడగాల్సిందే. తెలియక తెచ్చామంటే అక్కడ చెల్లదు.

ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే గుణం ఉందని విమానాల్లో అనుమతించరు. దామలచెరువు మార్కెట్ నుంచి మంచి మామిడి పళ్లు బంధువులకు తీసుకెళ్లాలని ఉంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికాల్లో తాజా పండ్లు దాచి తీసుకెళ్తే జరిమానా తప్పదు. న్యూజిలాండ్‌లో అయితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు. తిరుపతి లడ్డూలో నెయ్యి ఉంటుంది కాబట్టి ఆస్ట్రేలియా లాంటి చోట్ల అరైవల్ కార్డులో ఆహారం ఉందని రాయాలి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తేనే కేసు. థాయ్‌లాండ్, సింగపూర్‌లకు ఈ-సిగరెట్లు అస్సలు వద్దు.

మందులు: చీటీ లేకుండా కదలొద్దు

జ్వరం, విరేచనాలు, అలర్జీకి వాడే మామూలు మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బ్యాండేజీ చాలు. బీపీ, షుగర్ మందులు వాడేవారు ప్రయాణం మొత్తానికి, ఇంకో వారం అదనంగా పెట్టుకోవాలి. మందులు డబ్బాలో పోసుకోకుండా కంపెనీ స్ట్రిప్‌లోనే ఉంచాలి. డాక్టర్ చీటీలో బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోవాలి. ఎందుకంటే మన దగ్గర మామూలుగా రాసే కొన్ని మందులు కొన్ని దేశాల్లో నేరం. కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు యూఏఈలో నియంత్రిత జాబితాలో ఉన్నాయి. జపాన్‌లో సూడోఎఫెడ్రిన్ ఎక్కువ మోతాదులో ఉన్న జలుబు మందులకు అనుమతి లేదు.

ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని ఎల్లో ఫీవర్ దేశాలకు వెళ్లేవారు కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో పెడతారు.

పాస్‌పోర్ట్, డబ్బు, ఓటీపీ

చాలా దేశాలు పాస్‌పోర్ట్‌కు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని అడుగుతాయి. గడువు దగ్గరపడితే ముందుగానే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రెన్యూవల్ చేయించుకోవాలి. యూరప్‌లోని షెంగెన్ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రతి 180 రోజుల్లో 90 రోజులకు మించి అక్కడ ఉండటానికి వీల్లేదు. ఇన్సూరెన్స్ అడగని దేశాలకు వెళ్లినా తీసుకోవడమే మంచిది. బైక్ అద్దెకు తీసుకుని పడితే ఆసుపత్రి బిల్లు ఇంటి మీదకు వస్తుంది. ఆ పాలసీ బైక్ ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో చదివి మరీ కొనాలి.

పాస్‌పోర్ట్, ఒక కార్డు, కొంత నగదు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. రెండో కార్డు, జిరాక్స్ కాపీలు, రెండు ఫొటోలు బ్యాగులో. ఇంకో కాపీ ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచాలి. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీస్ ఫిర్యాదు, తర్వాత భారత రాయబార కార్యాలయం. ఆ కాపీ ఉంటే పని తొందరగా అవుతుంది.

చాలామంది మర్చిపోయేది ఓటీపీ. విదేశీ సిమ్ వేసుకుని మన సిమ్ తీసి పారేస్తే బ్యాంకు మెసేజ్ రాదు, డబ్బు కదలదు. బయలుదేరే ముందే మన నంబర్‌కు రోమింగ్ ఆన్ చేసి, ఒక స్లాట్‌లో దాన్నే ఉంచి, ఇంటర్నెట్‌కు ఈ-సిమ్ వాడితే సరిపోతుంది. యూపీఐ కొన్ని దేశాల్లో కొన్ని చోట్ల పనిచేస్తుంది, దాని మీదే ఆధారపడొద్దు.

బయలుదేరే ముందు ఇక్కడే పరీక్ష

ఇన్ని విన్నాక కూడా బ్యాగు సరిగ్గా సర్దామా లేదా అన్న అనుమానం ఉంటుంది. దాన్ని తీర్చుకోవడానికి పాకాల వాళ్లకు ఉన్నంత సౌకర్యం ఇంకెవరికీ లేదు. చుట్టుపక్కలే మూడు పరీక్షలు పెట్టుకోవచ్చు.

మొదటిది మెట్ల పరీక్ష. అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. కింద లగేజీ ఇస్తే టీటీడీ ఉచితంగా పైకి చేరుస్తుంది. కానీ ఈసారి మాత్రం ఇవ్వకుండా మీరే మోసి చూడండి. గాలిగోపురం చేరేలోపే ఏ వస్తువు అనవసరమో మోకాళ్లు చెప్పేస్తాయి.

రెండోది తడి పరీక్ష. తలకోన జలపాతం దగ్గర ఒక రోజు గడిపి రండి. వాన జాకెట్ పనిచేస్తుందా, బ్యాగు లోపల పెట్టిన పాలిథిన్ కవర్ నీళ్లు ఆపుతుందా, ఉతికిన టీషర్టు తెల్లారేసరికి ఆరుతుందా అన్నది తెలిసిపోతుంది. బ్యాగు పైన వేసే రెయిన్ కవర్ గాలికి ఎగిరిపోవచ్చు. లోపల మందపాటి కవర్ వేసి అందులో బట్టలు పెట్టడం అంతకన్నా నమ్మకం.

మూడోది చలి పరీక్ష. మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్ 4,000 అడుగులకు పైగా ఎత్తులో ఉంది. డిసెంబర్, జనవరిలో ఒక రాత్రి అక్కడ ఉంటే, పెట్టుకున్న పొరలు సరిపోతాయో లేదో అర్థమవుతుంది.

ఈ మూడు ట్రిప్పులు అయ్యాక బ్యాగు మొత్తం మంచం మీద బోర్లించండి. మూడింటిలో ఒక్కసారి కూడా వాడనివి పక్కన పెట్టండి. మందులు, కాగితాలు మాత్రం తీయొద్దు. మిగతావాటిలో చాలావరకు ఇంట్లోనే ఉండిపోవాల్సినవి.

చివరగా ఒక మాట

తక్కువ లగేజీ అంటే పిసినారితనం కాదు, కష్టపడటం అంతకన్నా కాదు. బ్యాగు తేలికగా ఉంటే టాక్సీ కోసం బేరమాడక్కర్లేదు, నడిచి వెళ్లిపోవచ్చు. గది నచ్చకపోతే అక్కడే ఇరుక్కుపోకుండా ఇంకోచోటు వెతుక్కోవచ్చు. రైలు తప్పిపోయేలా ఉంటే పరుగెత్తొచ్చు. తొలిసారి ఒంటరిగా దేశం దాటిన అమ్మాయికి, తెలియని ఊళ్లో చీకటి పడ్డాక రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు.

పాకాల స్టేషన్‌లో సాగనంపడానికి వచ్చినవాళ్లు "ఇంత చిన్న సంచేనా?" అని అడుగుతారు. అడగనివ్వండి. రెండు నెలల తర్వాత అదే ప్లాట్‌ఫాం మీద అదే సంచితో, వెన్నునొప్పి లేకుండా దిగితే చాలు. లెక్క సరిపోయినట్టే.